యమ్నా మొహం మీద ఎండిన మట్టి

యమ్నా చేతికి చిక్కిన ఒళ్ళు ఎర్రబడకుండా బయటికి రాదని ఫెజ్ నగరం పాతబస్తీలో పేరు. ఆవిడ నోటికి చిక్కిన మనిషైతే అంతకన్నా ఎర్రబడి వస్తుంది. రొట్టెల బట్టీ పక్కనున్న హమ్మాంలో, అంటే ఊరందరి స్నానశాలలో, ఊపిరాడని వేడిగదిలో, ఆడవాళ్ళ ఒళ్ళు రుద్దడం ఆవిడ పని. ఆలివ్ నల్లసబ్బు పట్టించి, కాసేపు నాననిచ్చి, చేతికి కీసా తొడుక్కునేది. కీసా అంటే గరుకు బట్టతో కుట్టిన చేతితొడుగు. దాంతో వీపు మీద ఒక్క లాగు లాగిందంటే మురికి వత్తులు వత్తులుగా ఊడి వచ్చేది. ఊరుకుంటుందా? ఆ వత్తులన్నీ పోగేసి ఆ మనిషి కళ్ళముందే పెట్టి, దీంతో ఇంకో మనిషిని చెయ్యొచ్చు తల్లీ, ఆవిడక్కూడా టికెట్టు కొన్నావా అని అడిగేది. పక్కనున్న వాళ్ళు పడీపడీ నవ్వేవారు, తమ వంతు వచ్చేదాకా.

కానీ మొహం దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యే వేరు. కీసా తీసి పక్కన పడేసేది. మొహానికి ఘసూల్ ఒక్కటే. అది కొండల్లో తవ్వి తీసే గోధుమరంగు మట్టి, ఎండిన ఆకుల్లా పెళుసు రేకలుగా ఉంటుంది. ఆ రేకలను గిన్నెలో వేసి నీళ్ళు పోసి కదపకుండా వదిలేయాలి. తనంతట తనే విచ్చుకుని వెన్నలా అవుతుంది. అప్పుడు నారింజపూల నీళ్ళు చిలకరించి, రెండు వేళ్ళతో గడ్డం నించి పైకి, ముక్కు పక్కన మెల్లగా, కళ్ళ దగ్గర ఇంకా మెల్లగా. తడి ఆరకముందే కడిగేయాలి. ఆరనిచ్చావో, అది నీ మొహంలో ఉన్న నీరంతా తాగేసి కూర్చుంటుందని ప్రతి మనిషికీ ప్రతిసారీ చెప్పేది. తొందరపడి మొహం మీద కీసా పెట్టిన పిల్లలకు చేతి మీద ఒక్కటి పడేది. ఆవిడ దగ్గర మొహం కడిగించుకున్న పెళ్ళికూతుళ్ళు పాతబస్తీ నిండా ఉన్నారు. కొందరికి ఇప్పుడు మనవలు కూడాను.

ఆ మట్టి అమ్మేది సీ అల్లాల్. సుగంధద్రవ్యాల బజారులో గోరింటాకు, ఎండు గులాబీ మొగ్గలు, ఘసూల్ పెట్టుకుని కూర్చునే భార్యపోయిన మనిషి. ప్రతి గురువారం యమ్నా అతని దుకాణం ముందు నిలబడి, మట్టిరేక ఒకటి పళ్ళ మధ్య పెట్టి కొరికేది. ఇసుక తగిలితే పళ్ళు కరకరలాడతాయి. తూ అని ఉమ్మేసి, ఇది మొహాలకా, గిన్నెలు తోముకోవడానికా అని బజారంతా వినపడేలా అడిగేది. అతను పాపం, ఇది తినేది కాదు లల్లా యమ్నా, అని గొణిగేవాడు. ఆవిడ వెళ్ళాక మళ్ళీ కూర్చుని జల్లెడ పట్టుకునేవాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. చివరికి ఒక గురువారం ఆవిడ రెండు మూడు రేకలు కొరికి చూసి, ఏమీ అనలేక నిలబడిపోయింది.

"ఇంక వంక దొరకదు నీకు. ఇక్కడ బజార్లో నిలబడి ఎందుకు, ఇంటికొచ్చెయ్. కూర్చుని తీరిగ్గా నాకు వంకలు పెట్టుకో," అన్నాడు సీ అల్లాల్.

అంత నోరున్న యమ్నా మట్టి అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చేసింది. మర్నాడు మట్టి కోసమని వెళ్ళి, సరేనని చెప్పి వచ్చింది.

పెళ్ళి శుక్రవారం. హంగామా వద్దంది. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కాగితం రాస్తారు, తర్వాత కూరగాయలతో కుస్కుస్ తిని ఎవరి దారిన వాళ్ళు పోతారు. హమ్మాం గుమ్మంలో కూర్చుని టికెట్ల డబ్బు తీసుకునే హజ్జా మహ్జూబా మాత్రం ఊరుకోలేదు. మరి పెళ్ళికూతుర్ని చేసే స్నానం ఎప్పుడని అడిగింది. కొవ్వొత్తులు పట్టుకుని, మంగళకూతలు పెట్టి, పెళ్ళికూతురి ఒంటిమీద ఇతరులే నీళ్ళు పోయాలి కదా, ఆ స్నానం.

"నాకెందుకు హజ్జా ఆ వేషాలు. మోకాళ్ళు పట్టేసిన పెళ్ళికూతురిని నేను," అని కొట్టిపారేసింది యమ్నా.

అబద్ధం. పచ్చి అబద్ధం. ఆవిడ కోరుకున్నది అదొక్కటే. మొదటి పెళ్ళి కొండ ఊళ్ళో జరిగింది, కరువు కాలంలో. బావి అడుగున బురద తప్ప ఏమీ లేదు. పదహారేళ్ళ పిల్ల మొహాన్ని తడిగుడ్డతో తుడిచి మొగుడింటికి పంపేశారు. ఆ మొగుడు మంచివాడే, కూలికి ఫెజ్ తీసుకొచ్చాడు, జబ్బు చేసి పోయాడు. అప్పటినించీ ఊరందరికీ పెళ్ళిస్నానాలు చేయిస్తోంది. ప్రతి పెళ్ళికూతురి నెత్తిన మొదటి చెంబు పోసినప్పుడల్లా, ఇలా పోస్తే ఎలా ఉంటుందో అనుకునేది. పైకి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

ఇప్పుడు అడగాలంటే నోరు రాని కారణం ఇంకొకటుంది. జెల్లాబా అంగీలకు పట్టుదారంతో బొత్తాలు అల్లే బతూల్, భర్త పోయిన చాలా ఏళ్ళకు మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ముచ్చటపడి కొవ్వొత్తులు తెచ్చుకుంది, స్నానం చేయించమంది. చేయించింది యమ్నా, చక్కగానే చేయించింది. కానీ నోరు ఊరుకోలేదు. బతూల్ మొహానికి మట్టి పూస్తూ, నీకు నలుగెందుకే, ఇస్త్రీ పెట్టించుకుంటే సరిపోయేది కదా, అంది. హమ్మాం గోడలు అదిరేలా నవ్వారు అందరూ. బతూల్ కూడా నవ్వింది. ఆ తర్వాత మాత్రం ఆవిడ యమ్నా చేతికి ఒళ్ళు అప్పగించలేదు. ఓ మూల కూర్చుని తన ఒళ్ళు తనే రుద్దుకుని పోతుంది. ఇస్త్రీ మాట ఇప్పుడు ఎవరి నోటినించి తనమీదికి తిరిగి వస్తుందోనని యమ్నాకు లోపల ఒకటే బెదురు.

అందుకని బుధవారం ఒక పని చేసింది. పొద్దున మగవాళ్ళ స్నానాలు అయిపోయాక, మధ్యాహ్నం ఆడవాళ్ళు వచ్చేలోపు, హమ్మాం ఖాళీగా ఉంటుంది. నేల కడగడానికి తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. లోపలినించి గడియ పెట్టుకుంది. సీ అల్లాల్ ప్రత్యేకంగా జల్లించి పంపిన మట్టి నానబెట్టింది. తన పెళ్ళిస్నానం తనే చేసుకుంటుంది, ఎవరి దయా అక్కర్లేదు. వీపు అందలేదు, వదిలేసింది. మట్టి విచ్చుకున్నాక రెండు వేళ్ళతో గడ్డం నించి పైకి పూసుకుంది. తర్వాత, కాసేపాగి కడుక్కోవచ్చని వేడినేల మీద గోడకు ఆనుకుని కూర్చుంది.

అదే కొంప ముంచింది. ఆ గదిలో ఇన్నేళ్ళూ వంగడం, లాగడం, బకెట్లు మోయడం తప్ప ఊరికే కూర్చుని ఎరగదు. ఇంకొకరి వీపు ముందు లేకపోతే ఆ వేడి ఎంత హాయిగా ఉంటుందో ఆవిడకేం తెలుసు? నడుము కింద రాయి వెచ్చగా, ఎక్కడో నీటిచుక్క టప్ టప్ మంటూ. గుర్రుపెట్టి నిద్రపోయింది.

బయట ఆడవాళ్ళు చేరారు. పిలిచారు, తలుపు బాదారు. హజ్జా మహ్జూబాకు చెమటలు పట్టాయి. వేడిగదిలో సొమ్మసిల్లి పడిపోయిందేమోనని అందరికీ భయం. బట్టీ వైపున్న చిన్న తలుపు తెరిపించి లోపలికి పరిగెత్తారు. అందరికన్నా ముందు పరిగెత్తింది బతూల్.

గోడకు ఆనుకుని యమ్నా. మొహమంతా బీటలువారిన పొలంలా ఉంది. అలికిడికి కళ్ళు తెరిచింది. ఎదురుగా బతూల్ని చూసింది, గబుక్కున మాట్లాడబోయింది. మాట రాదే! మట్టి బిగుసుకుపోయి పెదాలు కదలనివ్వలేదు. "మ్మ్," అంది. ఇంకోసారి "మ్మ్మ్," అంది.

బతికే ఉందని తెలిశాక నవ్వులు మొదలయ్యాయి చూడండి. తడి ఆరకముందే కడగాలి తల్లీ, అని ఒకావిడ యమ్నా గొంతుతోనే అంది. ఈవిడ నోరు మూయించాలంటే ఇంత మట్టి చాలని తెలిస్తే ఎప్పుడో బస్తాలు తెప్పించేదాన్ని కదా, అంది హజ్జా. యమ్నా కళ్ళు మాత్రం బతూల్ మీదినించి కదల్లేదు. ఇస్త్రీ మాట వస్తుంది. రావాలి కూడా. తనైతే వదిలేదా?

బతూల్ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ మొహాన్ని పరకాయించి చూసింది. పక్కనున్న గిన్నె, నారింజపూల నీళ్ళ సీసా, జల్లించిన మట్టి, అన్నీ చూసింది. ఆవిడకు అర్థమైపోయింది.

"ఒంటరిగా చేసుకుంటున్నావా పెళ్ళిస్నానం?" అంది మెల్లగా.

యమ్నా తల ఊపలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారి బీటల్లోకి దిగాయి.

బతూల్ గోరువెచ్చని నీళ్ళల్లో గుడ్డ ముంచి మొహం మీద కప్పింది. గీకలేదు, లాగలేదు. మళ్ళీ ముంచింది, మళ్ళీ కప్పింది. బొత్తాలు అల్లే వేళ్ళు కదా, మట్టిని రవ్వ రవ్వగా కరిగించి తీసింది. మట్టంతా పోయాక మొహం దానిమ్మగింజలా ఎర్రగా బయటపడింది. నోరు విడిపడింది. ఇంక తిట్లు మొదలవుతాయని అందరూ ఒకడుగు వెనక్కి వేశారు.

"నా మొదటి పెళ్ళికి ఎవరూ నీళ్ళు పొయ్యలేదే," అంది యమ్నా. "నీళ్ళే లేవు. నాక్కావాలని ఉండేది. అడగడానికి మొహం చెల్లలేదు. నిన్ను అంత మాటన్నాక."

నవ్వులు ఆగిపోయాయి.

"అన్నావు. ఇంటికెళ్ళి ఏడ్చాను కూడా," అంది బతూల్. "దానికి నీ వీపు సమాధానం చెబుతుంది. కీసా ఎక్కడ?"

ఇంక చూడండి సందడి. హజ్జా గల్లాపెట్టె వదిలేసి కొవ్వొత్తులకు పరిగెత్తింది. ఎవరో తలుపు దగ్గర నిలబడి, నాలుక ఆడించి మంగళకూత పెట్టారు. లోపల గోడలన్నీ తిరిగి కూశాయి. బతూల్ కీసా తొడుక్కుని యమ్నా వీపు పట్టింది. ఏమి రుద్దిందనీ! ఇన్నాళ్ళ బాకీ అంతా ఆ వీపు మీదే తీర్చుకుంది. వత్తులు వత్తులుగా రాలిన మురికి పోగేసి యమ్నా కళ్ళముందే పెట్టింది. అందరి మురికీ వదిలించావు, నీది మాత్రం దాచుకున్నావే అంది. యమ్నా అబ్బా అంటూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

అలా కాదు, నడుము దగ్గర అడ్డంగా లాగాలని మధ్యలో నేర్పబోయింది. పెళ్ళికూతురు మాట్లాడకూడదని నోరు నొక్కారు. అలవాటు కొద్దీ చెయ్యి బకెట్టు వైపు పోయింది. పెళ్ళికూతురు చెంబు ముట్టకూడదు. ఆ సంగతి ఆవిడే అందరికీ చెప్పేది. చేతి మీద చిన్నగా ఒక్కటి వేశారు. చెయ్యి వెనక్కి తీసుకుంది, మళ్ళీ పోయింది, మళ్ళీ ఒకటి పడింది. మొహం మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు బతూల్. చల్లని గులాబీనీళ్ళు అరచేతిలో పోసుకుని ఎర్రబడిన బుగ్గల మీద అద్దింది. శుక్రవారానికి తగ్గుతుంది, తగ్గకపోతే సిగ్గుపడిందనుకుంటాడు ముసలాడు, అంది.

కొవ్వొత్తులు ఆవిరికి రెపరెపలాడుతున్నాయి. బతూల్ నిలబడి చెంబు ఎత్తి నడినెత్తిన పోసింది. వెచ్చని నీళ్ళు జుట్టులోంచి, చెవుల మీదుగా, వీపు మీదుగా జారాయి. యమ్నా ఊపిరి బిగబట్టింది. అందరూ కూత పెట్టారు. నీళ్ళు అయిపోయాయి, ఇంక లే, తుడుస్తాను అని తువ్వాలు అందుకుంది బతూల్.

యమ్నా లేవలేదు. ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి. కళ్ళు మూసుకునే ఉంది.

"ఇంకో చెంబు పొయ్యవే, బతూల్," అంది.