ఇనుప తలుపు చప్పుడు

దయ్యాలన్నా శకునాలన్నా మా అత్త హడలిపోతుంది. నాకేమో నవ్వొచ్చేది. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది సముద్రం ఒడ్డున మైపాడు. మా ఆయన సైన్యంలో ఉన్నాడు, నాకు సొంత మేనత్త కొడుకే. సరిహద్దులో కాల్పులు మొదలయ్యాక వాళ్ల ఫోన్లు తీసేసుకున్నారు. అప్పట్నుంచి ఉత్తరాలే. అన్నం తింటున్నావా, కడుపులో బిడ్డ కదులుతోందా అని అడిగేవాడే తప్ప యుద్ధం మాట ఎత్తేవాడు కాదు.

ఆ రోజు అత్త చేపలమ్మడానికి నెల్లూరు వెళ్లింది. మధ్యాహ్నం నేను ఇంటి వెనక వలలు దాచే రేకుల గదిలోకి వెళ్లాను. గాలికి ఇనుప తలుపు దఢేలున మూసుకుంది. బయట గడియ పడిపోయింది. గదికి కిటికీ లేదు. ఫోను వంటింట్లో ఉండిపోయింది.

అరిచాను. ఆ సముద్రపు హోరులో ఎవరికి వినిపిస్తుంది? పైన రేకులు కాలిపోతున్నాయి. వలల నీచుకి ఊపిరాడటం లేదు. నిండు కడుపుతో తలుపు బాదీ బాదీ కళ్లు తిరిగాయి. బిడ్డా నేనూ ఇక్కడే పోతామనుకున్నాను.

అప్పుడు చెవి పక్కనే బావ గొంతు వినిపించింది.

"పద్మా, తలుపు కొట్టబాక. పడుకోని కింద సందులో నోరు పెట్టు."

అలాగే చేశాను. తలుపు కింద నుంచి సన్నగా గాలి తగిలింది. సాయంత్రం అత్త వచ్చి గడియ తీసేదాకా కదల్లేదు.

సంగతి చెప్పగానే అత్త ముఖం పాలిపోయింది. మనిషి పోతేనే గొంతు అట్లా వస్తుందని కూలబడి ఏడ్చింది. ఉత్తరం వచ్చేదాకా మా ఇద్దరికీ ముద్ద దిగలేదు.

చివరికి వచ్చింది. చేతిరాత ఆయనదే. నేను గదిలో చిక్కుకున్న రోజే, ఆ మధ్యాహ్నమే, ఫిరంగి గుండు పడి బంకరు కూలి ఆయన మట్టి కింద ఉండిపోయాడట. తవ్వి తీసేదాకా ఎవరో ఇనుప తలుపు బాదుతున్నట్టు వినిపిస్తూనే ఉందట. అక్కడ ఇనుప తలుపే లేదని రాశాడు.

బిడ్డ పుట్టాక సెలవు మీద వచ్చాడు. నీ మాటే మమ్మల్ని బతికించిందని చెప్పాను.

"నేనేం చెప్పలా పద్మా. మట్టి కిందున్న నాకు నువ్వే గదా చెప్పింది, బావా కదలబాక, సందులో నోరు పెట్టు అని. నాకైతే ఆ ఆలోచనే రాలేదు."

నాకూ రాలేదు. ఆ మాట ముందు ఎవరన్నారో మా ఇద్దరికీ ఇప్పటికీ తెలియదు.