ఆపమంటే ఆగని ఆట

చదరంగం ఆడే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు నేనొక లైబ్రరీ, అంటే ఎవరి ప్రోగ్రాములో వాళ్లు కలుపుకోగల కోడ్, రాసి, ఎవరైనా వాడుకోవచ్చని ఉచితంగా పెట్టాను. ఓ ఉదయం అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే, పక్క సీట్లో ఒకతను ల్యాప్‌టాప్ ముందేసుకుని ఆ లైబ్రరీనే తిడుతున్నాడు.

"దీంతోని నా చెస్ ప్రోగ్రాం ఆపమంటే ఆగుతలేదన్నా. ఆలోచిస్తనే ఉంటది, టైమ్ అయిపోయి ఓడిపోతది. సాయంత్రం పోటీ ఉంది."

"రాసినాయనకు చెప్పలేదా?"

"చెప్పిన. 'నా దగ్గర బాగానే నడుస్తోంది' అని రాసి నా కంప్లైంట్ మూసేసిండు. ఆయన దగ్గర నడిస్తే నాకేం ఫాయిదా?"

ఉచితంగా ఇచ్చి తిట్లు తినాలా అని విసుగొచ్చి, ఆ జవాబు నాదేనని చెప్పకుండా పంజాగుట్టలో దిగిపోయాను.

మర్నాడు పాత ల్యాప్‌టాప్‌లో నడిపి చూస్తే నిజంగానే ఆగలేదు. సరిచేశాను, అందరూ మెచ్చుకున్నారు. ఆ లోపం నేనే పట్టానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. పట్టింది అతను. ఆ లోపంతోనే ఆ సాయంత్రం పోటీకి కూర్చున్నదీ అతనే.