కడిగిన పొద్దుతిరుగుడు గింజలు

కరోనా పూర్తిగా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అల్లూరులో మాది విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల అంగడి. నారుమళ్ళు పోసే రోజులు కావడంతో తలుపు తీసింది మొదలు ఊపిరి సలపడం లేదు. ఒకాయనకు వడ్లు కావాలి, ఇంకొకాయనకు జింకు కావాలి. మూడో ఆయనకు ఏమీ అక్కర్లేదు, ఫ్యాను కింద కూర్చుని రొయ్యల రేటును తిట్టుకోవాలి. అందరికీ నేనే జవాబు చెప్పాలి. నా నోరు కాస్త దురుసని ఊరందరికీ తెలుసు. అయినా నా దగ్గరికే వస్తారు.

ఈ వ్యాపారంలో మేము రోజూ వాడే మాట ఒకటుంది, ట్రీటెడ్ సీడ్ అని. అంటే మందు పట్టించిన విత్తనం. భూమిలో వేసిన గింజకు బూజు రాకుండా, పురుగు తినకుండా కంపెనీవాళ్ళే ముందుగా దానికి మందు పూస్తారు. పూసినట్టు తెలియడానికి ఎర్రగానో నీలంగానో రంగు కలుపుతారు. తినకూడదని పాకెట్టు మీద రాసే ఉంటుంది, కాకపోతే చీమ తలకాయంత అక్షరాల్లో. సేద్యం చేసే ఇంట్లో పుట్టిన పిల్లయితే చదవకపోయినా ఆ రంగు చూసి చెప్పేస్తుంది. సముద్రం మీద బతికేవాళ్ళకు ఎవరు చెప్తారు?

ఒక మధ్యాహ్నం కావేరి వచ్చింది. సముద్రం ఒడ్డునున్న పాళెం నుంచి చేపల గంప తెచ్చి మా వీధిలో అమ్మే పిల్ల. మా ఆవిడ విజయకు చెల్లెలి లెక్క. గంప ఖాళీ చేసుకుని వచ్చి, అంగట్లో జనం పలచబడేదాకా గుమ్మం పక్కనే నిలబడింది.

"అన్నా, పొద్దుతిరుగుడు గింజలు ఉండాయా?"

"ఉండాయి. ఎన్నెకరాలకు?"

"అర్ధెకరమే అన్నా."

నాకు నవ్వాగలేదు. ఆమె భర్త శీనయ్య పడవ మీద పోతాడు. వాళ్ళకు సెంటు నేల లేదు.

"అర్ధెకరం యాడ కొన్నావు తల్లీ? సముద్రంలోనా?"

ఆమె నవ్వలేదు. సంచిలోంచి మడతపెట్టిన ఖాళీ పాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది. "నెల్లూర్లో తెచ్చుకున్నా. ఐపోయినాయి. ఈ రకమే ఇయ్యన్నా" అంది. యాడ చల్లినావని అడిగితే తల దించుకుంది. "అక్క ఇంట్లో ఉండాదా?" అంటూ అంగడి వెనకే ఉన్న మా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి విజయ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఆ పిల్ల అడిగింది ఇచ్చెయ్యండి. డబ్బు తీసుకోబాకండి."

"ఎందుకే అంత ఉదారం?"

విజయ గొంతు తగ్గించి చెప్పింది. కావేరికి పెళ్ళయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. నెలసరి మూడు నెలలకోసారి, నాలుగు నెలలకోసారి వస్తుంది. ఆడవాళ్ళ హార్మోన్లు గింజలు తింటే మందుల్లేకుండా సర్దుకుంటాయని ఫోన్‌లో చూసిందట. నెలలో మొదటి సగం అవిసెలు, గుమ్మడి గింజలు. రెండో సగం నువ్వులు, పొద్దుతిరుగుడు. అవిసెలు, నువ్వులు పచారీ అంగట్లో దొరికాయి. గుమ్మడివి కూర కాయలోంచి తీసి ఎండబెట్టుకుంది. పొద్దుతిరుగుడు ఒక్కటే ఎక్కడా దొరకలేదు. వేయించినవి పనికిరావు, మొలకొచ్చే గింజలే తినాలని ఆ ఫోన్‌లో మనిషి చెప్పాడు కాబట్టి, నేరుగా నెల్లూర్లో విత్తనాల అంగడికే వెళ్ళింది.

"ఇప్పుడు వారం నుంచి వాంతులంట. అన్నం వాసన కూడా పడటం లేదంట. నిలిచినట్టుండాదక్కా అని నన్ను పట్టుకుని ఏడ్చేసింది. శీనయ్యకు కూడా చెప్పిందంట" అంది విజయ.

నా చేతిలో ఆ పాకెట్టు ఉంది. దాని మీద మందు పట్టించిన విత్తనమని చెప్పే ఎర్ర గుర్తు ఉంది. మా ఆవిడ అంత సంతోషంగా చూస్తుంటే నోరు పెగల్లేదు. ఎంత దురుసు నోరైనా కొన్ని మాటల దగ్గర మొండికేస్తుంది.

లోపలికి వెళ్ళాను. కావేరి వంటింటి గడప మీద కూర్చుని ఉంది.

"ఆ గింజలు ఎర్రగా ఉన్నాయా తల్లీ?"

"ఉండాయన్నా. రంగంతా పోయేదాకా మూడు నీళ్ళు కడిగినా. చేపలు ఎండేసే పట్టా మీద కాకుండా కొత్త గుడ్డ మీద ఎండబెట్టినా. మిక్సీలో పొడి కొట్టుకున్నా."

ఎంత శుభ్రంగా చేసుకుందో చూడండి.

"అది రంగు కాదమ్మా. మందు. పురుగుల్ని చంపే మందు. కడిగినా అంతా పోదు."

ఆమె లేచి నిలబడింది. "ఇయ్యడం ఇష్టం లేకపోతే లేదని చెప్పన్నా. నా కడుపు మీద ఎందుకు మాట్లాడతావు?"

"నోరు మూసుకుని బండెక్కు!" అని అరిచాను. అరిచాక నా కళ్ళే చెమ్మగిల్లాయి. "నీకు నిలిచిందో లేదో నాకు తెలవదు తల్లీ. నిలిచింటే ఇంకా తొందరగా పోవాల. పద."

అంగడి అలాగే వదిలేసి కావేరిని, తోడుగా విజయను గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఖాళీ పాకెట్టు జేబులో పెట్టుకున్నాను. మందు ఒంట్లోకి పోయిందంటే డబ్బానో పాకెట్టో వెంట తీసుకెళ్ళాలి, ఏ మందో తెలిస్తేనే డాక్టర్లకు దారి దొరుకుతుంది. మా వ్యాపారంలో ఇది మొదట నేర్చుకునే సంగతి.

డాక్టరమ్మ పాకెట్టు చదివింది. ఎన్నాళ్ళు తిన్నదీ, ఎంత తిన్నదీ అడిగింది. రక్తం, మూత్రం పరీక్షలు చేయించి, సెలైన్ పెట్టి, ఆ రాత్రికి ఉంచుకుంటామంది. సాయంత్రానికి శీనయ్య పరుగున వచ్చాడు. చేతిలో పచ్చి మామిడికాయల సంచి.

మర్నాడు రిపోర్టులొచ్చాక డాక్టరమ్మ కావేరి పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "గర్భం లేదమ్మా. ఈ వాంతులు ఆ మందువల్లే అనుకుంటున్నాను. సమయానికి వచ్చావు. నీకు థైరాయిడ్ తక్కువగా ఉంది. నెలసరి తప్పడానికి అది కారణం కావచ్చు. దానికి మాత్రలున్నాయి. ఇంకా చూడాల్సిన పరీక్షలు కూడా ఉన్నాయి."

"ఇంక గింజలు తినకూడదా?" అని కావేరి అడిగింది. బిడ్డ సంగతి అడగలేదు.

"తినడానికి అమ్మే నువ్వులు, అవిసెలు కొంచెం కొంచెం తిను, మంచి ఆహారమే. కానీ హార్మోన్ల జబ్బును అవే నయం చేస్తాయని గట్టిగా చెప్పలేం. జబ్బేదో తెలుసుకోకుండా వాటి మీదే ఆధారపడొద్దు."

కావేరి గోడ వైపు తిరిగి పడుకుంది. శీనయ్య ఆమె పాదాల దగ్గర కూర్చుని, "మాత్రలేసుకుందాం లేమ్మే, నేను కూడా పరీక్ష చేయించుకుంటా" అన్నాడు. ఆరేళ్ళలో ఆ మాట అతను అనడం అదే మొదటిసారని తర్వాత విజయ చెప్పింది.

ఇన్నేళ్ళుగా విత్తనాలు అమ్ముతున్నాను. మొలక శాతం చెప్పగలను, ఏ నేలకు ఏది పనికొస్తుందో చెప్పగలను. ఒక ఆడపిల్ల తన ఒంటికి బాగాలేదని చెప్పుకోలేక, లేని పొలం ఉందని చెప్పాల్సి వస్తుందని మాత్రం ఆ రోజే తెలిసింది. నెల్లూరు అంగడాయన కూడా ఎన్నెకరాలని అడిగాడట, ఈమె అర్ధెకరం అందట, ఆయన ఇచ్చేశాడట. ఆయన తప్పేముంది? ఇప్పుడు మా అంగడికి ఎవరొచ్చినా, ముఖ్యంగా ఆడవాళ్ళు వస్తే, గింజలు చేతికిచ్చేముందు చేనుకా, వంటింటికా అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. నవ్వనీ.

కావేరి మాత్రలు వేసుకుంటోంది. బిడ్డ ఇంకా లేదు. మొన్న గంప దించి అంగట్లోకి వచ్చింది. ఫ్యాను కింద నలుగురు రైతులున్నారు. ఎట్టా ఉండావమ్మా అని మామూలుగా అడిగాను.

"నెలనెలా వస్తా ఉండాదన్నా" అని అందరికీ వినబడేలా చెప్పింది.

రైతులు నలుగురూ తలలు దించుకుని ఎరువు బస్తాల వైపు చూడసాగారు. కావేరి మాత్రం దించలేదు.