చివరివాడి తారాజువ్వ

మొన్న శనివారం బడి అయిపోయాక అల్లపల్లిలో సిరొంచ బస్సెక్కి కిటికీ పక్కన కూలబడ్డాను. పక్క సీట్లో కాలేజీ పిల్ల ఒకతి ఫోను అడ్డంగా పట్టుకుని ఏదో ఆట ఆడుతోంది. చెవుల్లో పెట్టుకునేవి ఇంట్లో మరిచిపోయిందో, బస్సులో ఉన్న మేమందరం కూడా వినాలన్న ఉదారబుద్ధో, చప్పుడంతా బయటికే. నాకు అసలే ఓపిక తక్కువ, పైగా పంతులమ్మను. మందలిద్దామని నోరు తెరిచాను. అంతలో ఫోనులోంచి మూడు పొట్టి కూతలు, వాటి వెనకే ఒక పొడుగు కూత వచ్చాయి. ఒళ్లో సంచి మీదున్న నా కుడి బొటనవేలు దానంతటది కిందికి నొక్కుకుంది. తొంగి చూస్తే జంతువులు చిన్న చిన్న బండ్లలో కూర్చుని పందెం పరుగెడుతున్నాయి. బొమ్మలు నిగనిగలాడుతున్నాయి, రోడ్లు మారాయి, పందెం మొదలయ్యే ఆ కూత మాత్రం అదే. నేను కిటికీ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఎండ పడుతోందనుకుందేమో, పాపం, ఆ పిల్ల చెయ్యి చాచి అద్దం జరిపింది.

మా చిన్నప్పుడు ఆ ఆట మాకు తెలిసి సిరొంచలో ఒక్క ఇంట్లోనే ఉండేది. మా వెనక గల్లీలో రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసే చాచా ఒకాయన ఉండేవాడు. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్లీ ఆ వైపు రాని టీవీ గేము అది. ఇచ్చినవాడు ఏనాటికైనా వస్తాడు, అప్పటిదాకా అది చెడిపోకుండా ఎవరైనా ఆడుతూ ఉండాలని చాచా మా అన్ననూ నన్నూ ఆ పనికి నియమించాడు. ఇంతకంటే మంచి ఉద్యోగం నాకు మళ్లీ దొరకలేదు. ముందుగదిలో టంకం పొగ, వెనక నుంచి చాచీ వేయించే ఉల్లిగడ్డ వాసన, మధ్యలో మేము. కాసెట్టు పెట్టే ముందు దాని నోట్లో ఊదాలి. అదొక విద్య. గట్టిగా ఊదితే ఉమ్మి పడుతుంది, మెల్లగా ఊదితే తెర మీద గీతలే వస్తాయి. ఆ కొలత మా అన్నకే తెలుసు. ఎనిమిది జంతువుల్లో నాది బాతు, అన్నది ఎలుగుబంటి. బరువైన బండి మలుపుల్లో జారదని అన్న వాదన. అప్పటికి ఎడ్లబండి, ఎర్ర బస్సు తప్ప ఇంకేదీ ఎక్కని మనిషి ఆ మాట ఎంత ధీమాగా చెప్పేవాడంటే, చాచా కూడా తల ఊపేవాడు.

ఆ ఆటలో దారి మీద అక్కడక్కడ రంగుమూటలు ఉంటాయి. గుద్దితే ఏదో ఒకటి చేతికొస్తుంది. ముందున్నవాడికి అరటితొక్క, మధ్యవాడికి నూనె డబ్బా. అందరికంటే వెనకబడ్డవాడికి మాత్రం తారాజువ్వ. మీట నొక్కామా, బండిని ఎత్తుకుపోయి అందరి ముందూ దింపుతుంది. చేసినవాళ్లెవరో గానీ దయగలవాళ్లు. మా అన్న దానికి మాగాస్ యోజన అని పేరు పెట్టాడు. మరాఠీలో యోజన అంటే సర్కారు పథకం, మాగాస్ అంటే వెనకబడినది. మా తాలూకా ఆ మాటతోనే పుట్టి ఆ మాటతోనే పెరిగింది. జిల్లా కేంద్రం గడ్చిరోలి నుంచి జీపుల్లో దిగే సాహెబులు మమ్మల్ని ఆ మాటతో నాలుగుసార్లు పిలిచి, ఏదో ఒక యోజన వస్తుందని చెప్పి, భోంచేసి, పొద్దుగూకేలోపు వెళ్లిపోయేవారు. అన్న కావాలనే అందరికీ దారిచ్చి, వెనక నింపాదిగా వచ్చి తారాజువ్వ పట్టుకుని, ఆఖరి చుట్టులో 'మాగాస్ యోజన వచ్చింది' అని గల్లీ అదిరేలా అరిచి గెలిచేవాడు.

ఒక ఎండాకాలం అమ్మ మా వాకిట్లో కూర్చుని తునికాకు కట్టలు కడుతూ ఆ కేక విన్నది. కట్టలు అక్కడే వదిలేసి, ట్రంకుపెట్టెలోంచి రేషన్ కార్డు తీసుకుని, చాచీ వాళ్ల గడపలోకి వచ్చి నిలబడింది. "ఎవలకచ్చిందిరా? మనకస్తదా?" అని అడిగింది. చాచా నవ్వుకు చేతిలో టంకం కడ్డీ జారి చాపకు చిల్లి పడింది. అమ్మ మాత్రం నవ్వలేదు. సంగతి తెలిశాక, ఇదేదో ముందే అనుకున్నాలే అన్నట్టు కార్డును కొంగులో దోపుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో దేనికైనా అదే మాట. ఎవరింట్లోనైనా మటన్ ఉడుకుతున్న వాసన వస్తే, ఊళ్లో ఎవరికైనా పెళ్లి కుదిరితే, మనకస్తదా అని అన్న అమ్మ గొంతుతో అనేవాడు. అమ్మ చేతిలో ఏదుంటే అది విసిరేది.

అన్న పదో తరగతి తప్పాక చదువును దాని మానాన దాన్ని వదిలేశాడు. కొన్నేళ్లు క్లీనరుగా తిరిగి, తర్వాత కాలీపీలీకి డ్రైవరయ్యాడు. నలుపూ పసుపూ రంగులేసి మనుషుల్ని కుక్కి తీసుకుపోయే జీపును మా వైపు అలాగే అంటారు. సిరొంచ నుంచి అల్లపల్లి, అక్కణ్నుంచి వెనక్కి. టేకుచెట్ల మధ్య ఆ దారిని రోడ్డు అనాలంటే నోరు రావాలి. గుంతల మధ్య అక్కడక్కడ రోడ్డు ఉండేది. జిమల్‌గట్ట దగ్గర ఎక్కేవాళ్లతో గోండిలో, చెక్‌పోస్టు దగ్గర మరాఠీలో, ఇంటికొచ్చి మా మీద తెలుగులో అరిచేవాడు. నొప్పులు పడుతున్న ఆడవాళ్లను ఎందరినో ఆసుపత్రికి చేర్చాడు. వాళ్లలో ఒకామె కొడుక్కి అన్న పేరే పెట్టుకుంది. ఈ మాట మాత్రం ఎవరు ఇంటికొచ్చినా వినకుండా వెళ్లడానికి వీల్లేదు. అమ్మ పోయింది, చాచా పోయాడు, ఆటను మరిచిపోయాం.

పోయినేడు ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున అన్న చేతిలోంచి చాయ్ గ్లాసు జారింది. వంగి తీయబోయి అలాగే పక్కకు ఒరిగిపోయాడు. కుడివైపంతా పడిపోయింది. మంచిర్యాల తీసుకుపోయాం. ప్రాణానికి భయం లేదన్నారు, కొన్నాళ్లకు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశాడు కూడా. చెయ్యి మాత్రం రాలేదు. వేళ్లతో ఎంత పని చేయిస్తే అంత మంచిది, మొదటి నెలల్లో వచ్చిందే రావడం అని డాక్టరు చెప్పాడు. ఆ కసరత్తు చేయించేవాళ్లు గడ్చిరోలిలో ఉన్నారట. పోయి రావడానికి ఒక రోజు సరిపోదు, ఆ బస్సులో ఈ మనిషిని కుదేసి తీసుకుపోతే ఉన్న ఎడమవైపు కూడా మిగలదని వదిన భయపడింది. పిసకమని రబ్బరుబంతి కొనిచ్చాను. నేనేమన్న చంటిపోరన్నా అని ఎడమచేత్తో దాన్ని పెరట్లోకి విసిరాడు. అప్పుడు తోచింది నాకు ఆ ఆట. దింపుడు కళ్లం ఆశ అంటారు చూడండి, అదే.

చాచీ దాన్ని పాత ఓణీలో చుట్టి బీరువాలో దాచుకుంది. "చాచా చేతులు తగిలిన సామాన్ బేటీ. తీస్కపో. అన్న చెయ్యి అచ్ఛా అయినంక తెచ్చియ్యి" అంది. వాళ్లబ్బాయి మా టీవీకి సరిపడే వైరు కట్టిచ్చాడు. కాసెట్టు చేతికివ్వగానే అన్న అలవాటుగా పెదాల దగ్గర పెట్టుకుని ఊదాడు. మూతి ఒకవైపు వాలిపోయి ఉంది కదా, గాలంతా పక్కనుంచి పోయింది. మళ్లీ ఊదాడు. నేను తీసుకుని ఊదాను. అప్పుడు నాకొచ్చిన ఏడుపు ఆసుపత్రిలో కూడా రాలేదు.

తెర మీద ఎలుగుబంటి వచ్చింది. దానికేం, అలాగే ఉంది, ఒక్క వెంట్రుకా నెరవలేదు. ఎంత తిరిగినా తరగదనుకున్న దారి ఇప్పుడు చూస్తే పళ్లెం అంచు చుట్టూ చీమ తిరిగినంత. ఇంతేనా అని నేను నిరాశపడ్డాను గానీ, అన్న ముఖంలో చాలా రోజుల తర్వాత రంగొచ్చింది. జీపు ఓనరు మంచివాడు. వానాకాలం అయిపోయేదాకా తాత్కాలికంగా వేరే మనిషితో నడిపించుకుంటాను, బండి నీదే అని అంతకుముందే వచ్చి చెప్పి వెళ్లాడు. అన్న తెర వైపే చూస్తూ అన్నాడు: "దీంట్ల ఒక్కపారి ఆఖరుకు రాకుంటే చాలు, చెల్లె. ఓనరుకు ఫోన్ చేస్త. దసరాకు బండి తీస్త."

అలా ఆ వానాకాలమంతా మా ఇంట్లో పందేలు నడిచాయి. నేను శని, ఆదివారాలు వచ్చేదాన్ని. మిగతా రోజుల్లో వదిన పక్కన కూర్చుని, ఏది ఎవరి బండో తెలియకపోయినా, అన్నింటినీ దీవించేది. ఎడమ బొటనవేలితో బండిని తిప్పడం బాగానే వచ్చేది. వేగానికీ, చేతికొచ్చిన వస్తువును వదలడానికీ మీటలు కుడివైపు ఉన్నాయి. అన్న కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, నిద్రపోయిన పిల్లను పడుకోబెట్టినట్టు మీట మీద పడుకోబెట్టేవాడు. ఆ బరువుకు ఎలుగుబంటి కదిలేది. వేలు జారితే ఆగేది. ఏడు జంతువులూ కనుచూపు మేర దాటాక అన్న ఒక రంగుమూటను చేరేవాడు. ప్రతిసారీ తారాజువ్వే వచ్చేది. తెర మూల అది మిణుకుమిణుకుమనేది. నొక్కన్నా, నొక్కు అని నేను, ఏం నొక్కాలో తెలియకపోయినా నొక్కుమని వదిన. అన్న తెర వదిలేసి తన వేలి వైపు చూసేవాడు. ఎంత తీక్షణంగా చూసేవాడంటే, చెమటలు పట్టేవి. వేలు కదిలేది కాదు. పందెం అయిపోయేది, తారాజువ్వ మూలనే మిగిలిపోయేది. వెనకబడ్డవాడికి ఇవ్వాలన్నది తోచింది గానీ, దాన్ని వాడుకునే చెయ్యి వాడికి ఉందో లేదో చూడాలని ఆ ఆట చేసిన దయగలవాళ్లకు తోచలేదు.

వానలు వెనకబట్టాయి. దసరా దగ్గరికొచ్చింది. ఒక ఆదివారం సాయంత్రం, ఎలుగుబంటి ఎప్పటిలాగే కుంటుతూ వస్తుంటే, నేను నా బాతును గీతకు ఇవతల ఆపేశాను. ఆరు జంతువులు ఎప్పుడో చేరిపోయాయి. ఎలుగుబంటి మెల్లగా వచ్చి, నన్ను దాటి, గీత తొక్కింది. చివరి స్థానం నాది. వదినకు ఎప్పుడూ లెక్క తెలియదు గానీ ఆ ఒక్కసారి తెలిసింది. ఆఖరు గాదు, ఈయన ఆఖరు గాదు అని లేచి, దేవుడి గూటి దగ్గరికి పోయి దండం పెట్టింది.

అన్న నా వైపు తిరిగాడు. "బండి ఆపినవ్ గదా?"

వేలు జారిందన్నాను.

"ఇన్నేండ్లు రోడ్డు మీద బతికిన, చెల్లె. ఆగిన బండిని దాటుడు దాటుడు గాదు."

కోపంగా కూడా అనలేదు. అరిస్తే బాగుండేది, అరిస్తే నేనూ అరిచేదాన్ని, మా ఇంట్లో అది మామూలే. కుడిచేతిని మీట మీద నుంచి ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. వదిన గూటి దగ్గర నిలబడే ఉంది, చాలాసేపు ఇటు తిరగలేదు. ఆ తర్వాత ఆ ఆట ముందు అన్న కూర్చోలేదు.

దసరా తెల్లారి ఓనరు వచ్చాడు. చాయ్ తాగుతూ, తొందరేం లేదు, ఎండాకాలం దాకా చూద్దామన్నాడు. అన్న గోడకు తగిలించిన జీపు రెండో తాళంచెవిని తెమ్మని వదినకు చెప్పాడు. వదిన విననట్టు గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. నేనే తెచ్చి ఇచ్చాను. అన్న దాన్ని ఓనరు ముందు పెట్టి, "వేరేటోన్ని పర్మినెంటు పెట్టుకో, సేట్. గేరుకు ఎడమచెయ్యి ఉన్నది. స్టీరింగ్ ఎవలు పట్టాలె?" అన్నాడు. ఆయన తాళంచెవి జేబులో వేసుకుని, అన్న భుజం మీద కాసేపు చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

ఆటను ఓణీలో చుట్టి చాచీకి తిరిగిచ్చేశాను. నన్ను గుమ్మంలో ఆ మూటతో చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది. అచ్ఛా హోగయా బేటీ అంటూ ఎదురొచ్చింది. తాను పెట్టిన షరతు నాకంటే ఆమెకే బాగా గుర్తుంది. నేను తల అడ్డంగా ఊపితే, మూట అందుకుని, నన్ను లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయింది. వదిన ఇప్పటికీ రోజూ పొద్దున ఆ చేతికి నువ్వులనూనె మర్దన చేస్తుంది. డాక్టరు చెప్పిన నెలలు ఎప్పుడో దాటిపోయాయని ఆమెకు తెలుసు, నాకు తెలుసు, ఆ చెయ్యిగల మనిషికి అందరికంటే బాగా తెలుసు. ఎవరం ఆ మాట ఎత్తం.

శనివారం సాయంత్రం నేను వెళ్లేసరికి అన్న అరుగు మీద కూర్చుని ఉంటాడు. నా బాగోగులు అడగడు, ఎంతసేపు పట్టింది అనే అడుగుతాడు. ఈమధ్య ఆ రోడ్డు బాగుపడుతోంది. గుంతలు పూడ్చి, వెడల్పు చేసి, నల్లగా నున్నగా తారు పోశారు. మొదటిసారి నేను తెలివితక్కువగా, ఒక గంట మిగిలిందన్నా, నీళ్లమీద పోయినట్టుందని సంబరంగా చెప్పాను. అట్లనా అన్నాడు. ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని కలుపుతూనే ఉన్నాడు. అప్పటి నుంచి ఎప్పుడడిగినా, ఎప్పటంతసేపే పట్టిందనే చెబుతున్నాను. మొన్నా అదే చెప్పాను. ఆ రోడ్డు మీద వారం వారం ఒక గంట నిజంగానే మిగులుతోంది. అది మా ఇంట్లో ఎవరికీ అక్కరకు రావడం లేదు.