మా అమ్మ పిక్కలు కొడతాది

బ్లాగు పాస్‌వర్డు ఆమెకు నేనే ఇచ్చాను. ఆ తప్పు నాదేనని ముందే రాసేస్తున్నాను, తర్వాత ఎవరూ నాకు గుర్తు చేయనక్కర్లేకుండా. మిగతావి నావి కావు.

పలాస నుంచి ఆటోలో వెళ్ళే ఉద్దానం ఊళ్ళో మాది చిన్న ప్రాథమిక పాఠశాల. టీచర్లం ఇద్దరమే. పెద్ద తరగతులు నావి, చిన్న తరగతులు ఆమెవి. ఆమెది నందిగాం. ఆరేళ్ళు ఒకే ఆటోలో వచ్చాం, క్యారేజీలు ఎదురెదురుగా విప్పుకుని కూర పంచుకున్నాం. నన్ను అక్కా అనేది.

బ్లాగు నా ఆలోచన. దీని మీద ఇప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి కాబట్టి చెబుతున్నాను. ‘మా అమ్మ’ గురించి రాయమంటే నా పిల్లలందరూ గైడులోంచి ఒకే అమ్మని దింపేవారు. ఆవిడ వేకువనే లేచి ముగ్గు పెడుతుంది, చిరునవ్వుతో వడ్డిస్తుంది, నీతికథలు చెబుతుంది. ఆవిడ మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ లేదు. సొంతమాట రాయాలంటే చదివేవాళ్ళుండాలి అనిపించి నా ఫోన్లో బ్లాగు తెరిచాను.

“బ్లాగంటే ఏటి టీచర్?” అన్నారు.

“గోడపత్రికే. కాకపోతే ఈ గోడ ఎక్కడున్నవాళ్ళకైనా కనిపిస్తుంది.”

“మా నాన్నకి కూడానా?” నాలుగో తరగతి పిల్ల అడిగింది. వాళ్ళ నాన్న గుజరాత్ వైపు బోట్ల మీద వేటకెళ్తాడు. నెలల తరబడి ఇంటికి రాడు.

“మీ నాన్నకి కూడా.”

“బోటులో సిగ్నలుండదు టీచర్.”

“ఒడ్డుకొచ్చాక చూస్తాడు.”

“మరెవులైనా వొచ్చి మా రాతలు సెరిపేత్తే?”

“దానికి తాళం ఉంది. తాళం నా దగ్గరే ఉంటుంది.”

పాస్‌వర్డు అనే మాటకి అప్పుడు నాకు తోచిన తెలుగు అది.

వాళ్ళు కాగితం మీద రాస్తే నేను టైపు చేసేదాన్ని. పేర్లు, ఫోటోలు పెట్టేదాన్ని కాదు. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే రాయమన్నాను. ఆ నాలుగో తరగతి పిల్ల మాత్రం నా కుర్చీ పక్కన నిలబడి, కాగితం మీద ఒక వేలు, తెర మీద ఒక వేలు పెట్టి సరిచూసుకునేది. ఒకరోజు పట్టుకుంది.

“టీచర్, నాను ‘సేతులు’ అని రాసినాను. మీరు ‘చేతులు’ అని కొట్టినారు.”

అలవాటుగా దిద్దేశాను. మార్చి, “ఇకమీదట నీ అక్షరం ముట్టుకోను” అన్నాను.

ఆ పిల్ల రాసింది ఇదీ: ‘మా అమ్మ రోజూ పిక్కలు కొడతాది. పొద్దుగూకిందాక కొడతాది. సేతులు నల్లగైపోతాయి. నాను వద్దన్నా మానదు.’

మా వైపు జీడిగింజని పిక్క అంటాం. వాళ్ళమ్మ పలాసలో జీడి ఫ్యాక్టరీకి, వాటిని పగలగొట్టే పనికి వెళ్తుంది. పెంకులోని జీడి అంటుకుంటే చేతులు నల్లబడి చర్మం ఊడుతుంది. నాలుగే వాక్యాలు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక పిల్ల రాసింది చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడటం అదే మొదలు.

రెండు వారాలకి కింద మా వైపు మనిషెవరో పేరు లేకుండా కామెంటు పెట్టారు. ‘బాగ రాసినావమ్మా. అమ్మని సేతులకి నూని రాసుకోమను.’ ఆ పిల్ల దాన్ని క్లాసు మొత్తానికి మూడుసార్లు చదివి వినిపించింది. ఆ తర్వాత వారానికొకటి రాసేది.

అప్పుడే టెక్కలిలో బడుల ప్రదర్శన అన్నారు.

“మన బ్లాగు పెద్ద తెర మీద చూపిస్తారంట అక్కా. ఆ పాస్‌వర్డు ఇలా ఇయ్యి, కాస్త అందంగా సర్దుతాను,” అంది తోటి టీచరు. ఇచ్చాను.

ఆమె పోస్టులన్నీ విజయవాడలో ఉన్న తన పెదనాన్నగారి అబ్బాయికి పంపింది. ఆయన పుస్తకాలకి అచ్చుతప్పులు దిద్దుతాడట. ఆ వైపు పిక్క అంటే కాలిపిక్క ఒక్కటే.

టెక్కలిలో నాకు వెనక వరుసలో, స్తంభం పక్కన కుర్చీ వేశారు. స్తంభం దాటి మెడ చాచి చదివాను. ‘మా అమ్మ రోజూ నా పిక్కలపై కొడుతుంది. పొద్దుగూకే వరకు కొడుతుంది. చేతులు నల్లబడిపోతాయి. నేను వద్దన్నా మానదు.’

హాలంతా అయ్యో అంది. “పసిపిల్లలు ఎంత ధైర్యంగా రాశారండీ!” అన్నారు వేదిక మీది అధికారి. ఆమెకి శాలువా కప్పారు. “అది తప్పండీ!” అని నేను లేచేసరికి మైకులో భోజనాలకి పిలుస్తున్నారు. అక్కడే నిలబడి ఫోన్లో దిద్దబోయాను. పాస్‌వర్డు పని చేయలేదు. మార్చేసింది.

“భద్రత కోసం అక్కా,” అంది, శాలువా మడతపెట్టుకుంటూ. “రేపు చూద్దాంలే.” రేపు ఆదివారం.

ఆ ఆదివారమే ఆ పిల్ల నాన్న బోటు ఒడ్డుకొచ్చింది.

సోమవారం ప్రార్థన కాకముందే తల్లి వచ్చింది. కూతురు ఆమె కొంగు పట్టుకుని ఉంది.

“ఏటి టీచరుగారూ, నానెప్పుడు కొట్టినాను నా గుంటని? ‘నాను లేనని పిల్లని సంపేత్తన్నావా’ అని మా ఆయన ఫోన్ల అరిసినాడు. ఊరందరూ సదివిసినారు. మీకేటి అన్నేయం సేసినాను?” రెండు చేతులూ నా ముందు చాపింది. “ఇయి పిల్లల్ని కొట్టిన సేతులేనా?”

నేను తోటి టీచరు వైపు చూశాను, చెబుతుందని. ఆమె హాజరుపట్టీ తెరిచి, “టైపింగంతా అక్కే చేస్తుందమ్మా,” అంది.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే మరిచిపోలేను.

తల్లి దగ్గరే ఫోను తీసుకుని, పిల్ల కాగితం చూసి, మొదట రాసింది తండ్రికి చదివి వినిపించాను. “ఓలమ్మ, పిక్కలా!” అని నవ్వాడు. తల్లి మాత్రం నవ్వలేదు. “ఆడికి నవ్వొత్తంది,” అని కళ్ళు తుడుచుకుని పనికి వెళ్ళింది.

మధ్యాహ్నం తోటి టీచర్ని అడిగాను. “పెట్టేముందు నువ్వు చదవలేదా?”

“చదివానక్కా.”

“మీ పెరట్లో జీడిచెట్లున్నాయి. పిక్కంటే తెలీదూ?”

“తెలుసు. అన్నయ్య అంత శ్రమపడి దిద్దాడు, తప్పంటే ఏమనుకుంటాడోనని ఊరుకున్నాను. అయినా ఇంత చిన్నదానికి ఇంత చేస్తావేంటక్కా?”

ఆ రోజు నుంచి నా క్యారేజీ నేను క్లాసులోనే తింటున్నాను. ఆటో కూడా వేరు. పైఅధికారులకి మూడు పేజీల ఫిర్యాదు రాసి పంపాను. జవాబు రాలేదు. రెండోసారి రాశాను.

పాస్‌వర్డు వెనక్కి తీసుకుని, నాలుగు వాక్యాలూ ఎలా ఉండేవో అలా మళ్ళీ కొట్టాను. ఆ పిల్లని పిలిచి చూపించాను. వేలు పెట్టి సరిచూసింది.

“బాగున్నాది,” అంది.

“మరి కొత్తది రాయవా?”

“రాసినాను.” నోటుబుక్కు ఇచ్చింది. పేజీన్నర ఉంది. నేను ఫోను తీయగానే చెయ్యి అడ్డం పెట్టింది. “మీరు సదవండి టీచర్. అందులో ఎట్టకండి.”

“నీ అక్షరం నేను ముట్టుకోలేదమ్మా. అది మార్చింది ఆ టీచరు.”

“తాళం మీ దగ్గరే ఉంతాదన్నారు కదా.”

ఎదురుగా నిలబడి అడిగింది. కోపం కూడా లేదు. పేజీన్నర చదివాను. వాళ్ళమ్మ ఆ సోమవారం ఫ్యాక్టరీలో ఎవరితోనూ మాట్లాడలేదట. చదివి, నోటుబుక్కు మూసి తిరిగి ఇచ్చాను. ఆ పిల్ల దాన్ని సంచిలో అడుక్కి తోసి, పైన అన్నం పళ్ళెం పెట్టుకుంది.