మొప్పలమ్మ తినమన్న చోటు

బస్సు దిగినవాళ్లు ముందు సముద్రం ఎటని అడిగేవారు. ఆ తర్వాత, భోజనం ఎక్కడ బాగుంటుందని. రెండో ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి బస్టాండు బల్ల మీద తువ్వాళ్లు పరుచుకుని అమ్ముతూ ఉండేది. ఊరంతా ఆమెను మొప్పలమ్మ అనేది.

ఆమె ముప్పై ఏళ్లు రేవులో చేపలు ఏరింది. మొప్ప ఎత్తి చూసిందంటే, ఆ చేప నీళ్లలోంచి బయటపడి ఎన్ని పూటలైందో ఠక్కున చెప్పేసేది. అడుగున నిన్నటివి, పైన ఇవాళ్టివి పేర్చమని కొత్త షావుకారు చెప్పిన రోజున, తట్ట ఆయన కాళ్ల దగ్గరే బోర్లించి ఇంటికొచ్చేసింది. మళ్లీ రేవులో అడుగు పెట్టలేదు.

"వంతెన పక్క రేకుల షెడ్డులో ఇద్దరు తోడికోడళ్లు వండుతారు, అక్కడ తినండి," అనేది వచ్చినవాళ్లతో. "ఎదురుగా ఆ అద్దాల హోటలుందే, అక్కడ మాత్రం చేప ముట్టకండి."

ఆ అద్దాల హోటలు ఆమె సొంత మరిదిది.

ఓ రోజు అతను రోడ్డు దాటి వచ్చాడు. "వదినా, పరాయివాళ్లంటే సరే. నువ్వే నా పొట్ట కొడితే ఎలా?"

"నీ పొట్ట నాకెందుకయ్యా? తినేవాళ్ల పొట్ట చెడకుండా చూస్తున్నా."

"అన్నయ్య ఉంటే ఇలా చేయనిచ్చేవాడా?"

"మీ అన్నయ్యే ఉంటే ఈపాటికి నీ ఐసుపెట్టె తెరిపించేవాడు."

మరిది గొంతు తగ్గించాడు. "పోనీ, రెండు పూటలా నా హోటల్లోనే భోంచెయ్యి. చల్లటి గదిలో కూర్చోబెడతా. నోరు మాత్రం కట్టేసుకో."

"నోరు కట్టేసుకుని ఎలా తింటారయ్యా?" అంది మొప్పలమ్మ. పక్కనున్న కండక్టరు కిసుక్కున నవ్వాడు.

వారం తిరక్కుండా బల్ల మాయమైంది. బస్టాండు మేనేజరు ఆమె మొహం చూడకుండా, "పైనుంచి చెప్పారమ్మా," అని గొణిగాడు. ఇంటి నుంచి పీట తెచ్చుకుంది. మూడో రోజుకి అదీ పోయింది. తువ్వాళ్లు భుజాన వేసుకుని నిలబడే అమ్మింది.

"బాబాయితో మనకెందుకమ్మా?" అంది కూతురు, వేణ్నీళ్లతో ఆమె కాళ్లకు కాపడం పెడుతూ. "చూడు, ఎలా వాచాయో!"

"వాచినవి కాళ్లేగా, నాలుక కాదుగా."

ఇంకో వారానికి, బస్సు నిండుగా జనం దిగిన ఓ మధ్యాహ్నం, మరిది హోటలు మెట్ల మీద నిలబడి కేకేశాడు. "రండి వదినగారూ! ఇందరి ముందే చూడండి. తాడోపేడో ఇవాళే తేలిపోవాలి."

ఆమె వెళ్లింది. చేతులు కడుక్కుని ఐసుపెట్టె మూత తీసింది. ఒక చేప మొప్ప ఎత్తింది. ఎర్రగా, నెత్తురు చుక్కలా ఉంది. కళ్లు నిగనిగలాడుతున్నాయి. వేలితో నొక్కితే సొట్ట పడకుండా కండ వెంటనే పైకి లేచింది. రెండోది చూసింది, మూడోది చూసింది. పెట్టె అడుగుదాకా చెయ్యి పెట్టి తీసింది. అన్నీ అంతే.

జనం ఆమె నోటి వంకే చూస్తున్నారు. వాచిన కాళ్లు సలుపుతున్నాయి. ఒక్క అబద్ధం ఆడితే చాలు, మరిది మొహం మాడిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసింది.

"ఇవి ఈ పొద్దున పడ్డవే. నిక్షేపంగా తినండి," అంది.

మరిది మొహం చాటంత అయింది. "మరి ఇన్నాళ్లూ నా మీద చెప్పిందంతా తప్పని ఒప్పుకో."

"ఇవాళ్టి చేపకి ఇవాళ్టి మాట. రేపటిది రేపు చూస్తా."

అన్నట్టే మర్నాడు అదే వేళకు వెళ్లింది. మరిది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "రోజూ వచ్చి చూడ్డానికి నువ్వేమైనా తనిఖీ ఆఫీసరువా?"

ఆమె వెనక్కొచ్చి, బస్సు దిగినవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పింది. "నిన్న బాగుంది. ఇవాళ నన్ను చూడనివ్వలేదు. మీరే అడిగి చూసుకోండి. మొప్ప ఎర్రగా ఉంటే తినండి, మట్టిరంగులో ఉంటే లేచి వచ్చేయండి."

ముందు ఒక బడిపంతులమ్మ అడిగింది. ఆవిణ్ని చూసి ఇంకో నలుగురు. వదినను ఆపగలిగాడు గానీ, భోజనానికొచ్చినవాళ్లను మరిది ఏమని ఆపుతాడు? నెల తిరిగేసరికి ఐసుపెట్టె వంటింట్లోంచి ముందు వసారాలోకి వచ్చేసింది. తోడికోడళ్లను కూడా జనం వదల్లేదు. "మా మీదికీ తెచ్చావు కదమ్మా," అని వాళ్లు సణిగినా మొప్పలు చూపించారు.

మరిది మాత్రం మాటలు మానేశాడు. చుట్టాలింట పెళ్లిలో ఎదురుపడితే మొహం తిప్పుకుపోయాడు.

"నువ్వే ఓ మెట్టు దిగి పలకరించరాదూ?" అంది కూతురు.

"నేనెందుకు దిగాలే? 'వదినా, ఇవాళ ఎక్కడ తినమంటావ్?' అని అతన్నే వచ్చి అడగమను. 'నీ హోటల్లోనే తిను నాయనా' అని చెబుతా."

ఈమధ్య అక్కడ మొప్పలు ఎర్రగానే ఉంటున్నాయి మరి.