పెళ్లికార్డు వెనక మా ఇల్లు

నిన్న పొద్దున కాలేజీ బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"సాంబన్న సచ్చిపోయిండు బిడ్డా. గుండెపోటట."

ఫోన్ పెట్టేసి నేను చేసిన మొదటి పని, మా ఇంటి వైఫై యాప్ తెరవడం. ఎవరెవరి ఫోన్లు కనెక్ట్ అయ్యాయో అందులో లిస్టు కనిపిస్తుంది.

నాన్న ఫోన్. అమ్మ ఫోన్. తమ్ముడి టీవీ.

"సాంబన్న ఫోన్" లేదు.

బస్సు స్టేషన్ రోడ్డు దాటేదాకా ఆ లిస్టునే చూస్తూ కూర్చున్నాను.

సాంబయ్య మామ మాకు రక్తసంబంధం కాదు. మట్టెవాడలో మా వీధి చివరి ఇల్లు ఆయనది. ఒకప్పుడు టెలిఫోన్ లైన్‌మన్. రిటైరయ్యాక ఇళ్లకు వైఫై పెట్టేవాడు. అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు.

రెండేళ్ల కింద మా ఇంటికి వైఫై పెట్టడానికి వచ్చాడు. ముందు బట్టల షాపు, దాని వెనక హాలు, వంటిల్లు, చిట్టచివర ఒక గది. రైలు పెట్టెల్లాంటి ఇల్లు మాది.

నాన్న అప్పటికే ఒకటి చూసి పెట్టుకున్నాడు. ఎనిమిది యాంటెనాల రౌటర్.

మామ నవ్వాడు. "కొమ్ములు జూసి ఎడ్లను కొంటరు బావా, దీన్ని కాదు."

చేతిసంచిలోంచి ఒక పాత పెళ్లికార్డు తీశాడు. ఎవరింటికి వెళ్లినా ముందు కార్డు వెనక ఆ ఇల్లు గీయడం ఆయన పద్ధతి. ఆ తర్వాత ఒకే ప్రశ్న.

"ఎవలెవలు ఏడ కూసుంటరు?"

నాన్న షాపులో. అమ్మ వంటింట్లో. తమ్ముడు టీవీ ముందు. ఒక్కొక్కరికీ ఒక చుక్క పెట్టాడు.

"మరి ఈ ఆఖరి రూమ్?"

"అది సామాన్ల రూమ్ అన్నా," అంది అమ్మ. "పిల్ల అండ్ల సదువుకుంటది."

"పిల్ల ఏమన్న సామానా చెల్లె?"

మామ ఆ గదిలో నాకూ ఒక చుక్క పెట్టాడు. మిగతా వాటికంటే కొంచెం పెద్దది.

పాత గోడలను వేళ్లతో తట్టి చూశాడు. "ఇంత మందం గోడలు సిగ్నల్‌ను మింగుతానై. ఎంత పెద్ద డబ్బా పెట్టినా దండగే. చిన్నయి రెండు చాలు. ఒకటి షాపుల, ఒకటి పిల్ల రూమ్ల. నడుమ వైర్ గుంజుదాం."

అలా నా గదికి సిగ్నల్ వచ్చింది. రెండు డబ్బాలూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోమని యాప్‌లో లిస్టు చూడటం కూడా ఆయనే నేర్పాడు.

రోజూ సాయంత్రం మా షాపు అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. వెనక గదిలో ఉన్న నాకు లిస్టులో "సాంబన్న ఫోన్" కనిపించేది. పుస్తకాల్లో నచ్చిన మాటలు రాసుకునే నోట్‌బుక్ తీసుకుని ఉరికేదాన్ని. ఆ రోజు దొరికిన కొత్త మాట ఆయనకు చెప్పాలి. ఇంట్లో ఇంకెవరికి చెప్పను?

ఒకరోజు "వెలితి" అనే మాట చెప్పాను.

"అంటే ఏంది బిడ్డా?"

"నిండని చోటు మామా."

"ప్రతి ఇంట్ల ఒక మూల ఉంటది. సిగ్నల్ అందది. అసొంటిదేనా?"

నోట్‌బుక్‌లో నా అర్థం కొట్టేసి ఆయనది రాసుకున్నాను.

ఇన్ని ఇళ్లకు పెట్టిన మనిషి ఇంట్లో వైఫై లేదు. అడిగితే "ఒక్కనికి ఎందుకు బిడ్డా" అనేవాడు. నేను వదల్లేదు. చివరికి, "అయితే నువ్వే చూసి చెప్పు. నేను నోరు తెరువ" అన్నాడు.

పోయిన ఆదివారం వెళ్లాను. పెళ్లికార్డు వెనక ఆయన ఇల్లు గీశాను. రెండు గదులు, పలచని గోడ. ఒక్క చిన్న డబ్బా చాలు, నడిమి తలుపు దగ్గర పెడదామన్నాను.

తర్వాత ఆయన ప్రశ్నే ఆయన్ను అడిగాను.

"మామా, ఎవలెవలు ఏడ కూసుంటరు?"

నవ్వుతాడనుకున్నాను. కిటికీ దగ్గరున్న కుర్చీ చూపించాడు. ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కుర్చీయే.

"నేను గీడ."

కార్డు మీద వేలు పెట్టి, "పక్కకు ఇంకో చుక్క పెట్టు. నువ్వొస్తవ్ గద," అన్నాడు.

పెట్టాను.

బుధవారం ఫోన్ చేశాడు. "డబ్బా తెచ్చిన బిడ్డా. వచ్చి పెడ్తవా?"

కాలేజీలో సెమినార్ ఉంది. నా పేపర్‌లో ఒక్క వాక్యం కుదరక ఆ వారమంతా దానితోనే కుస్తీ పడుతున్నాను.

"ఆదివారం పక్కా మామా."

"ఫికర్ చెయ్యకు. నీ పని చూస్కో."

ఆయనకు అది పది నిమిషాల పని. నాకోసం ఆగాడు.

నిన్న ఆ ఇంటి నిండా మనుషులు. కిటికీ దగ్గర పాత కుర్చీ. దాని పక్కన ఇంకో కుర్చీ ఉంది. కొత్తది, కాళ్లకు ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు.

దాని మీద వైఫై డబ్బా. సీలు విప్పలేదు.

ఎవరో నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేకపోయాను.

ఇప్పుడు ఆఖరి గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. సిగ్నల్ బాగానే ఉంది మామా. సాయంత్రం నుంచి లిస్టు చూస్తూనే ఉన్నాను.

పోయిరా మామా. ఏ గోడా అడ్డం రాని చోట నెమ్మదిగా కూర్చో.

పక్కన నాకో చుక్క పెట్టి ఉంచు.